సెయింట్ కాసియన్ నత్తగుల్లలు: పేర్లు తేల్చడానికి సాయం కావాలి (ట్రయాసిక్ కాలం, ఇటలీ డోలమైట్స్ కొండలు)

మ్యూనిక్_మాధురి | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇక్కడ మ్యూనిక్‌లో ఒక పెద్దాయన పోయాక ఆయన శిలాజాల సేకరణను ఇంటివాళ్ళు అమ్మేశారు. అందులోంచి ఒక చిన్న అట్టపెట్టె నేను తీసుకున్నాను. మూత మీద పాతకాలపు జర్మన్ చేతిరాతలో "సెయింట్ కాసియన్, ట్రయాస్" అని ఉంది. లోపల దూదిలో మూడు బుల్లి గుల్లలు, పక్కన విడిగా ఒక బూడిదరంగు రాయి.

1: ఎత్తు 8 మి.మీ. మెట్లు మెట్లుగా ఉంది, ప్రతి చుట్టు నడుమ గుబ్బల వరస.
2: ఎత్తు 11 మి.మీ. సన్నగా, పొడుగ్గా, నిలువు గట్లతో ఉంది. కొన మీద మట్టి గట్టిపడి ఉంది. దీని కింది చీటీలో "లోక్సోనేమా" అని రాశారు.
3: 6 మి.మీ. గుండ్రంగా ఉంది, కొన దాదాపు కనిపించదు. ఒక పక్క పగిలింది, ఇంకో పక్క చిన్న రంధ్రం.
4: రాతిలో గుల్ల ఆకారం, 25 మి.మీ. దీనికి చీటీ లేదు.

ఫోటోలు పెట్టాను. కుటుంబం దాకా తెలిసినా చాలు, జాతి పేరు తెలిస్తే మరీ సంతోషం.

గోదావరి_గట్టు | శనివారం రాత్రి 10:15

రెండోది చూడగానే తురిటెల్లా (సన్నటి పొడుగు సముద్రపు నత్త) అనిపించింది. మా రాజమండ్రి దగ్గర దూదుకూరు, పంగిడి సున్నపురాయి క్వారీల్లో ఇలాంటివి రాతి నిండా ఉంటాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. నా దగ్గరున్నది పక్కన పెట్టి ఫోటో తీశాను, చూడండి. తేడా ఏముంది?

మాస్టారు_విజయనగరం | ఆదివారం ఉదయం 6:20

మాధురి గారూ, మంచి సరుకు దొరికింది మీకు. పేర్ల జోలికి వెళ్ళే ముందు ఫోటోలు మళ్ళీ తీయాలి. కొన పైకి, నోరు మనవైపు ఉండేట్టు నిలబెట్టి ఒకటి, వెనకవైపు ఒకటి, పైనుంచి ఒకటి, అడుగున బొడ్డు కనిపించేలా ఒకటి. ప్రతిదాంట్లో పక్కన స్కేలు ఉండాలి. వెలుతురు ఎడమ పై మూల నుంచి ఏటవాలుగా పడాలి. నేరుగా ఫ్లాష్ కొడితే గుల్ల మీది సన్నని గీతలన్నీ చెరిగిపోయినట్టు కనిపిస్తాయి. మనకు కావలసింది ఆ గీతలే.

గోదావరి_గట్టు గారూ, మీది తురిటెల్లానే, సందేహం లేదు. కానీ దాని వయసు వేరు. దూదుకూరు సున్నపురాయి దక్కన్ లావా పొరల కింద ఉంటుంది, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటిది. రాజమండ్రి చుట్టుపక్కల ఈ పొరల్లోని గుల్లల్ని 1860లోనే స్టీఫెన్ హిస్లాప్ వర్ణించి ప్రచురించాడు. ట్రయాసిక్ అంటే 25.2 కోట్ల నుంచి 20.1 కోట్ల ఏళ్ళ కిందటి కాలం. ఆ రోజుల్లో నిఖార్సైన తురిటెల్లాలు లేవు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉండాలని లేదు. సన్నగా పొడుగ్గా చుట్టుకోవడం నత్తల్లో ఎన్నో వంశాలు ఎవరికి వారే విడివిడిగా అందిపుచ్చుకున్న పద్ధతి.

అనిల్_ఆసిఫాబాద్ | ఆదివారం ఉదయం 8:05

మాస్టారూ, మా దిక్కు మాలేరి ఎర్రమట్టి గూడ ట్రయాసిక్‌దే గదా. అండ్ల సముద్రపు నత్తలు దొర్కుతయా? ఎండకాలంల పోయి ఒకపారి చూద్దామనుకుంటున్న.

మాస్టారు_విజయనగరం | ఆదివారం ఉదయం 8:30

దొరకవు అనిల్. ప్రాణహిత-గోదావరి లోయలోని ఎర్రపల్లి, భీమారం, మాలేరి పొరలన్నీ నదులు, వాటి వరద మైదానాలు పేర్చినవి. మాలేరిలో హైపరొడాపెడాన్ అనే ముక్కు వంపు సరీసృపం ఎముకలు, మొసలి పోలిక ఉన్న ఫైటోసార్ ఎముకలు, ఊపిరితిత్తుల చేపల పళ్ళు, మంచినీటి ఆల్చిప్పలు దొరికాయి. వాటి విలువ వాటిది, అసలు తక్కువ కాదు. సముద్రపు ట్రయాసిక్ చూడాలంటే మన దేశంలో హిమాలయాలకే పోవాలి. స్పితి లోయ, శ్రీనగర్ దగ్గరి గుర్యుల్ కనుమ. అక్కడ కూడా అమ్మోనైట్లు (అంతరించిన చుట్టు గుల్లల సముద్ర జీవులు), డావోనెల్లా, హాలోబియా లాంటి ఆల్చిప్పలదే రాజ్యం, నత్తలు తక్కువ.

అనిల్_ఆసిఫాబాద్ | ఆదివారం ఉదయం 8:41

సమజైంది సార్. గీ ముచ్చట్ల మీద వేరే చర్చ పెడత.

కొనచుట్టు | ఆదివారం మధ్యాహ్నం 2:10

నేను నత్త శిలాజాల మీదే పరిశోధన చేస్తున్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు సెయింట్ కాసియన్ అంటే ఏమిటో. ఇటలీ ఉత్తరాన డోలమైట్స్ కొండల్లో, దక్షిణ టైరోల్, కోర్టినా పరిసరాల్లో ఉండే బంకమట్టి, మార్ల్ (సున్నం కలిసిన మట్టి) పొరలు. వయసు సుమారు 23.5 కోట్ల ఏళ్ళు, అంటే ట్రయాసిక్ చివరి భాగం మొదలవుతున్న కాలం. అప్పుడది టెథిస్ సముద్రంలో ఉష్ణమండలపు నిస్సార జలం. మామూలుగా నత్తగుల్ల అరగొనైట్ అనే ఖనిజంతో తయారవుతుంది. అది నిలకడ లేనిది. కోట్ల ఏళ్ళలో కరిగిపోవడమో, కాల్సైట్‌గా మారిపోవడమో జరుగుతుంది. కాసియన్‌లో నీరు చొరబడని బంకమట్టి గుల్లల్ని కమ్మేయడం వల్ల చాలాచోట్ల అసలు అరగొనైట్ అలాగే నిలిచింది. పైగా అక్కడి మట్టి నీళ్ళలో తేలిగ్గా విడిపోతుంది, జల్లెడ పడితే మిల్లీమీటరు గుల్ల కూడా చేతికొస్తుంది. ఐదు వందలకు పైగా నత్త జాతులు అక్కడి నుంచి నమోదయ్యాయి. అప్పటి సముద్రం నిజంగానే అంత సంపన్నమా, లేక గుల్లలు ఇంత సులువుగా బయటపడటం వల్ల మనకలా కనిపిస్తోందా అన్నది ఈమధ్య బాగా చర్చకొచ్చిన విషయం. నా ఉద్దేశం, రెండూ నిజమే. కానీ గట్టి సున్నపురాయి నుంచి వచ్చిన జాబితాతో కాసియన్ జాబితాను నేరుగా పోల్చి లెక్కలు కట్టడం తప్పుదారి పట్టిస్తుంది.

ఈ గుల్లలకు తొలి పేర్లలో చాలా భాగం 1841లో గ్రాఫ్ జు మ్యూన్‌స్టర్ పెట్టినవి. ఆ తర్వాత లౌబే, 1890ల్లో వియన్నా నుంచి ఎర్న్‌స్ట్ కిట్ల్. కోర్టినాకే చెందిన రినాల్డో జార్డీని జీవితమంతా పోగు చేసి 1978లో నత్తల చిత్రసంపుటి వేశాడు. ఆయన పేరున అక్కడ మ్యూజియం ఉంది. మాధురి గారూ, మ్యూన్‌స్టర్ సేకరణ చేరింది మీ ఊరి బవేరియా రాష్ట్ర సేకరణకే.

ఇక మీ గుల్లలు.

మొదటిది నాకు చాలా నచ్చింది. చుట్టు నడుమ గుబ్బలున్న ఆ గట్టు వట్టి అలంకారమా, లేక సెలెనిజోనా అన్నది చూడాలి. కొన్ని నత్తలకు నోటి అంచున ఒక చీలిక ఉంటుంది, మొప్పల మీదుగా వచ్చిన వాడిన నీరు, మలం అందులోంచి బయటికి పోతాయి. గుల్ల పెరిగే కొద్దీ చీలిక వెనక భాగం పూడుతూ వస్తుంది. అలా పూడిన పట్టీయే సెలెనిజోన్. దాన్ని పట్టుకోవడం ఎలాగంటే, పై అంచు నుంచి దిగే పెరుగుదల గీత గట్టు దగ్గరికి రాగానే వెనక్కి వాలాలి, గట్టు కింద మళ్ళీ ముందుకు తిరగాలి, గట్టు మీద చిన్న నెలవంక గీతలు వరసగా ఉండాలి. నెలవంకలు కనిపిస్తే అది ప్లూరోటొమారియిడా గణం. కనిపించకపోతే ట్రోకస్ పోలిక ఉన్న మరో వంశంలో వెతకాలి. ఏటవాలు వెలుతురులో ఒక్క క్లోజప్ పెట్టండి.

రెండోదాని సంగతి కొన శుభ్రమయ్యాక చెప్తాను. అప్పటిదాకా ఎవరేం పేరు చెప్పినా నమ్మకండి.

మూడోదాని పగిలిన చోటు లోపలికి చూడగలరా? నడుమ స్తంభం, చుట్లను విడదీసే గోడలు ఉన్నాయో లేదో చెప్పండి.

నాలుగోది కాసియన్‌ది కాదు. ఆ బూడిదరంగు గట్టి సున్నపురాయి చూస్తే జర్మనీ ముషెల్‌కాల్క్ (అక్కడి ట్రయాసిక్ సున్నపురాయి పొర) అనిపిస్తోంది. అది గుల్ల కాదు, గుల్ల కరిగిపోయాక మిగిలిన లోపలి అచ్చు.

మ్యూనిక్_మాధురి | ఆదివారం సాయంత్రం 7:30

కొనచుట్టు గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే ఏటవాలుగా దీపం పెట్టి తీశాను. మొదటిదాని గుబ్బల గట్టు మీద నెలవంకలు నిజంగానే ఉన్నాయి! గుబ్బకూ గుబ్బకూ మధ్య ఒంపులో, సన్నగా, ఒకదాని వెనక ఒకటి, వంపు వెనక్కి. గట్టుకు పైనా కిందా ఒక్కో దారంలాంటి అంచు. ఒకచోట పై పొర ఊడితే లోపల ముత్యపు మెరుపు ఉంది. ఫోటో 5, 6 చూడండి.

మూడోదాంట్లో గోడలేవీ లేవు. లోపలంతా ఖాళీ.

రెండోదాని కొన మీది మట్టి తీయడానికి వెనిగర్‌లో కాసేపు వేద్దామనుకుంటున్నాను.

కొనచుట్టు | ఆదివారం సాయంత్రం 7:34

వెనిగర్ వద్దు! ఏ ఆమ్లమూ వద్దు. గుల్లే ముందు కరిగిపోతుంది, అందులోనూ కొన అన్నిటికంటే ముందు.

మాస్టారు_విజయనగరం | ఆదివారం సాయంత్రం 7:50

అవునమ్మా, ఆగు. బంకమట్టికి మందు నీళ్ళే. ముందు గుల్లను రెండు మూడు రోజులు పొడి చోట పూర్తిగా ఆరనివ్వు. తడి లేకుండా ఆరిన బంకమట్టిని నీళ్ళలో వేస్తే తనంతట తనే పగిలి విడిపోతుంది. సగం తడిగా ఉంటే జిగురులా పట్టుకుని కూర్చుంటుంది. అప్పటికీ కదలకపోతే పల్చటి హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దిసేపు, తర్వాత మంచినీళ్ళతో కడగడం. చివర్లో మెత్తటి కుంచె. సూది మాత్రం ముట్టుకోకు, ఆ కొన ఒక మిల్లీమీటరులో సగం కూడా ఉండదు.

నగలవాళ్ళ అల్ట్రాసోనిక్ క్లీనర్ వాడేవాళ్ళున్నారు. పగుళ్ళున్న గుల్ల అందులో వేస్తే ముక్కలవుతుంది. ఒక్కటే నమూనా ఉన్నప్పుడు ఆ సాహసం చేయకపోవడం మేలు.

లక్ష్మి_భీమిలి | సోమవారం ఉదయం 7:15

నేను శిలాజాలు ఎరగను, బీచ్‌లో గుల్లలు ఏరి పోగు చేస్తుంటాను. మూడో గుల్ల లోపల గోడల్లేవన్నారు కదా, అది చదివి ఒక పని చేశాను. మా భీమిలి రాళ్ళ మీద అతుక్కుని ఉండే నల్లటి నెరిటాలు ఉన్నాయి, ఖాళీ గుల్ల ఒకటి అడ్డంగా కోశాను. అందులోనూ గోడల్లేవు! ఫోటో పెడుతున్నాను. రెండూ ఒకటేనా?

కొనచుట్టు | సోమవారం ఉదయం 9:00

లక్ష్మి గారూ, ఈ చర్చ మొత్తానికి మీ ఫోటోయే గొప్ప సాక్ష్యం. ఒకే జాతి కాదు, కానీ ఒకే పెద్ద వంశం, నెరిటిమార్ఫా. ఈ నత్తలు పెరిగేకొద్దీ పాత చుట్ల లోపలి గోడల్ని తామే కరిగించేసుకుంటాయి. ఇంటి మధ్యగోడలు తీసేసి ఒకే హాలు చేసుకున్నట్టు. అందుకే బయట చుట్లు కనిపిస్తాయి, లోపల స్తంభం ఉండదు. బయటి ఆకారం నాటికా లాంటి నత్తలకూ ఇలాగే గుండ్రంగా ఉంటుంది, బయట చూసి మోసపోతాం. లోపల చూస్తే ఇక వాదన ఉండదు. నాటికా వర్గం వాటికి స్తంభం, గోడలు అలాగే ఉంటాయి.

మాధురి గారి మూడోది నెరిటారియా అనుకుంటున్నాను. కాసియన్‌లో నెరిటారియా మాండెల్స్‌లోహీ చాలా ఎక్కువగా దొరుకుతుంది. గుల్ల మీద లేత గోధుమరంగు జిగ్‌జాగ్ గీతలేమైనా ఉన్నాయా? కాసియన్ నెరిటాల్లో కొన్నింటికి రంగుల ఆనవాళ్ళు మిగిలి ఉన్నాయి. 23 కోట్ల ఏళ్ళ తర్వాత కూడా రంగు కనిపించడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మ్యూనిక్_మాధురి | సోమవారం మధ్యాహ్నం 1:20

కొద్దిగా తడిపి చూస్తే నోటి దగ్గర మసక మసకగా వంకర గీతలు ఉన్నాయి! ఆరాక మళ్ళీ కనిపించడం లేదు. ఫోటో 9.

మరి ఆ రంధ్రం? చాలా గుండ్రంగా, పైన వెడల్పుగా, లోపలికి సన్నగా ఉంది.

కొనచుట్టు | సోమవారం రాత్రి 9:45

అలాంటి ఏటవాలు అంచు ఉందంటే వేటగాడు తొలిచిన రంధ్రం కావచ్చు. ఈ రోజుల్లో నాటిసిడ్ నత్తలు సరిగ్గా ఇలాగే తొలుస్తాయి. కాసియన్ గుల్లల మీద ఇలాంటి రంధ్రాల్ని 1984లో ఫ్యుర్జిష్, జబ్లాన్‌స్కీ 'సైన్స్' పత్రికలో వర్ణించారు. తొలిచే విద్య ట్రయాసిక్‌లోనే ఒకసారి పుట్టి, విస్తరించకుండా ఆగిపోయిందన్నది వాళ్ళ వాదన. చిక్కేమిటంటే, అందరూ ఒప్పుకునే నాటిసిడ్ గుల్లలు ట్రయాసిక్ తర్వాత చాలా కాలానికి వచ్చిన క్రిటేషియస్ నుంచే ఉన్నాయి. అంటే తొలిచినవాడి పని కనిపిస్తోంది, తొలిచినవాడెవరో తేలలేదు. కాబట్టి మీ చీటీలో "తొలిచిన రంధ్రం ఉంది" అని రాయండి, "నాటిసిడ్ రంధ్రం" అని రాయకండి.

యూటా_ఉదయ్ | మంగళవారం ఉదయం 5:55

మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. కాసియన్ ట్రయాసిక్‌లో ఆలస్యంగా వచ్చిన కథ. నేనుండే చోట దానికంటే ముందరిది ఉంది. యూటాలో మొయెన్‌కోపి ఫార్మేషన్‌లో సిన్‌బాడ్ అనే సున్నపురాయి పొర. ట్రయాసిక్‌కు ముందరి పర్మియన్ కాలం చివర జరిగిన మహావినాశం తర్వాత తేరుకుంటున్న సముద్రం అది. బ్యాటన్, స్టోక్స్ 1986లో అక్కడి నత్తల్ని వర్ణించారు. నేను చూసినవన్నీ చిన్నవే, చాలావరకు సెంటీమీటరు లోపు. దీన్నే లిలిపుట్ ఎఫెక్ట్ అంటారు కదా, వినాశం తర్వాత జంతువులు మరుగుజ్జులైపోవడం?

మాస్టారు_విజయనగరం | మంగళవారం ఉదయం 6:30

ఆ మాట బాగా ప్రచారంలో ఉంది, కానీ నాకు పూర్తి నమ్మకం లేదు. చిన్న గుల్లలే దొరికాయంటే చిన్న నత్తలే బతికాయనా, లేక అలలు ఒకే సైజు గుల్లల్ని ఒకచోట పోగేశాయనా? డోలమైట్స్‌లోనే వెర్ఫెన్ ఫార్మేషన్‌లో "గ్యాస్ట్రోపాడ్ ఊలైట్" అని ఒక పొర ఉంది. పేరే చెప్తోంది కదా, ఊలైట్ అనే గుండ్రటి సున్నపు రేణువులతో కలిసి అలలకు దొర్లి జల్లించబడిన సరుకు. 2010లో బ్రేయార్డ్ బృందం తొలి ట్రయాసిక్ నుంచే పలు సెంటీమీటర్ల పెద్ద గుల్లల్ని చూపించింది, అందులో మీ యూటా గుల్లలూ ఉన్నాయి.

కొనచుట్టు | మంగళవారం ఉదయం 10:10

మాస్టారితో ఏకీభవిస్తాను, చిన్న సవరణతో. పెద్దవి ఉన్నాయి, కానీ అరుదు. సగటు సైజు తగ్గిందా అన్న ప్రశ్న, పెద్దవి అసలు లేవా అన్న ప్రశ్న వేరువేరు. రెండోదానికి జవాబు దొరికింది. మొదటిదాని మీద వాదన నడుస్తోంది.

ఉదయ్ గారూ, తొలి ట్రయాసిక్‌లో చూడవలసిన ఇంకో వింత బెల్లెరోఫాన్‌లు. చుట్టంతా ఒకే తలంలో, కుడి ఎడమలు సమానంగా ఉండే గుల్ల, వీపు మీద నడుమ చీలిక పట్టీ. ట్రయాసిక్‌కు ముందరి పాలియోజోయిక్ యుగపు సముద్రాలన్నిటా ఉన్న వంశం. మహావినాశాన్ని దాటి బయటపడింది, పాకిస్తాన్ ఉప్పుకొండల్లో తొలి ట్రయాసిక్ పొరల్లో బాగానే కనిపిస్తుంది. తర్వాత తొలి ట్రయాసిక్ ముగిసేలోపే అంతరించింది. గండం గడిచిందనుకున్నాక పోయింది. అంత పెద్ద దెబ్బకు తట్టుకున్నది ఆ తర్వాత ఎందుకు నిలవలేకపోయిందన్నది ట్రయాసిక్ నత్తల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా వెంటాడే ప్రశ్న.

మాస్టారు_విజయనగరం | బుధవారం ఉదయం 6:15

ఒక సంగతి అడగాలి కొనచుట్టు గారూ. మేం చదివిన రోజుల్లో నత్తల్ని ఆర్కియోగ్యాస్ట్రోపోడా, మీసోగ్యాస్ట్రోపోడా, నియోగ్యాస్ట్రోపోడా అని మూడు మెట్లుగా చెప్పేవాళ్ళు. 1960 నాటి ట్రీటిస్ (అకశేరుక శిలాజాల ఆధార గ్రంథం) సంపుటిలో కూడా ఆర్కియోగ్యాస్ట్రోపోడా అన్న మెట్టు ఉంది. ఇప్పుడు అన్నీ మార్చేశారు. క్వారీలో నిలబడి చేతి కటకంతో చూసేవాడికి ఆ పాత మెట్లే ఉపయోగపడేవి. కొత్త వర్గీకరణకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంటే తప్ప లాభం లేదన్నట్టుంది.

కొనచుట్టు | బుధవారం రాత్రి 8:50

మీ ఆవేదనలో న్యాయం ఉంది మాస్టారూ. కానీ ఆ మెట్లు చుట్టరికాన్ని చెప్పేవి కావు, "పాత తరహా, మధ్య తరహా, కొత్త తరహా" అన్న స్థాయిని చెప్పేవి. అందుకే ఆర్కియోగ్యాస్ట్రోపోడా అన్న బుట్టలో సంబంధం లేనివన్నీ చేరాయి. మాధురి గారి మొదటి గుల్ల, మూడో గుల్ల రెండూ పాత లెక్కలో ఆర్కియోగ్యాస్ట్రోపోడాయే. నిజానికి మొదటిది వెటిగ్యాస్ట్రోపోడా, మూడోది నెరిటిమార్ఫా. ఇవి విడిపోయింది పాలియోజోయిక్‌లో.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అందరికీ ఉండదు, నిజమే. కానీ 40 రెట్లు చూపే మామూలు బైనాక్యులర్ మైక్రోస్కోపుతో చాలా పని జరుగుతుంది, కొన చెడకుండా ఉంటే. ఎందుకంటే కొనలో ఉండేది ప్రోటోకాంక్, అంటే గుడ్డులోనూ లార్వాగా ఉన్నప్పుడూ నత్త కట్టుకున్న తొలి గుల్ల. పెద్దయ్యాక కట్టిన గుల్ల అలల్ని బట్టి, నేలను బట్టి, వేటగాళ్ళను బట్టి రూపం మార్చుకుంటుంది. ప్రోటోకాంక్ వంశం గుట్టు దాచలేదు. ఒక్క చుట్టుతోనే ముగిస్తే వెటిగ్యాస్ట్రోపోడా. వాటి లార్వా సముద్రంలో తేలుతూ తిండి తినదు, గుడ్డులోని పచ్చసొన మీదే బతుకుతుంది. చిన్న చుట్టుతో మొదలై అనేక చుట్లు అదే దిశలో ఎక్కితే సీనోగ్యాస్ట్రోపోడా, అక్కడ లార్వా తేలుతూ తిని పెరిగింది. తొలి గుల్ల ఎడమకు చుట్టుకుని, పెద్ద గుల్ల కుడికి చుట్టుకుంటే హెటెరోబ్రాంకియా. అప్పుడు కొన పక్కకు ఒరిగినట్టో, తలకిందులుగా గుచ్చినట్టో కనిపిస్తుంది.

రెండో గుల్ల కొన కోసం నేను ఇంత పట్టుబట్టింది అందుకే. కాసియన్‌లో సన్నగా, నిలువు గట్లతో ఉండేవి కనీసం రెండు వంశాల్లో ఉన్నాయి. జైగోప్లూరిడే కుటుంబం, ఉదాహరణకు ఆంపెజోప్లూరా, సీనోగ్యాస్ట్రోపోడా కిందికి వస్తుంది. మాథిల్డిడే కుటుంబం హెటెరోబ్రాంకియా. కాసియన్ మాథిల్డాల మీద క్లౌస్ బాండెల్ 1995లో వివరంగా రాశాడు. కొన విరిగిన గుల్లలో ఈ రెండింటినీ కలిపేసుకోవడం చాలా తేలిక.

గోదావరి_గట్టు | బుధవారం రాత్రి 9:30

మరి చీటీలో లోక్సోనేమా అని రాశారు కదా, అదెక్కడిది?

కొనచుట్టు | బుధవారం రాత్రి 9:52

పందొమ్మిదో శతాబ్దంలో ట్రయాసిక్‌లో సన్నగా పొడుగ్గా కనిపించినదాన్నల్లా లోక్సోనేమా అనేసేవాళ్ళు. ఆ ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, ఆధారమైన జాతి ట్రయాసిక్ కంటే చాలా ముందరి సైలూరియన్ నాటిది. ట్రయాసిక్ వాటిని ఒక్కొక్కటిగా అందులోంచి తీసి వేరే ప్రజాతుల్లోకి మారుస్తూ వచ్చారు. పాత చీటీ మాత్రం పారేయకండి మాధురి గారూ, దానిమీద కొత్తగా రాయకండి కూడా. గుల్ల పూర్వాపరాలు చెప్పే ఆధారం ఆ చీటీ, పెట్టె మూత మీది రాతే. కొత్త చీటీ పక్కన పెట్టండి.

మ్యూనిక్_మాధురి | ఆదివారం సాయంత్రం 5:05

కొన బయటపడింది! మాస్టారు చెప్పినట్టు బాగా ఆరబెట్టి నీళ్ళలో వేశాను. మట్టి గిన్నె అడుగున పొడిగా రాలింది, మిగిలింది కుంచెతో పోయింది. తెలిసినవారి మైక్రోస్కోపులో తీసిన ఫోటోలు 12 నుంచి 15 వరకు.

కొసన నున్నగా మెరిసే చిన్న చుట్టు ఉంది, దాని మీద గట్లు లేవు. అది నిటారుగా లేదు, పక్కకు పడుకుంది. ఒక గీత దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయి, అక్కడి నుంచి గట్లున్న గుల్ల మొదలవుతోంది. పెద్ద చుట్ల మీద నిలువు గట్లతోపాటు అడ్డంగా రెండు సన్నని గట్లు కూడా ఉన్నాయి. మట్టి ఉన్నప్పుడు ఇవి కనిపించలేదు.

కొనచుట్టు | ఆదివారం సాయంత్రం 5:40

ఫోటో 13 చాలు. పక్కకు పడుకున్న నున్నటి తొలి గుల్ల, ఎడమ చుట్టు, పదునైన సరిహద్దు. హెటెరోబ్రాంకియా. అడ్డ గట్లు కూడా ఉన్నాయి కాబట్టి జైగోప్లూరిడే ప్రశ్నే లేదు, వాటికి సాధారణంగా నిలువు గట్లే ఉంటాయి. మాథిల్డిడే కుటుంబం అని ధైర్యంగా రాయండి. ప్రజాతి తేల్చాలంటే తొలి గుల్ల కొలతలు, గట్లు ఏ చుట్టులో ఏ వరసలో మొదలయ్యాయో అసలు నమూనాలతో పోల్చి చూడాలి. ఫోటోల మీద నేనా సాహసం చేయను.

మాస్టారు_విజయనగరం | ఆదివారం సాయంత్రం 6:10

చాలా బాగుంది. నలభై ఏళ్ళు పాఠం చెప్పినా ఇంత స్పష్టమైన ఎడమ చుట్టు కొనను నేను చూడలేదు. ఈ ఫోటో దాచుకుంటాను.

నాలుగోదాని సంగతి కూడా చెప్పేయండి.

కొనచుట్టు | ఆదివారం సాయంత్రం 6:55

నాలుగోదాంట్లో చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు చూడండి. గుల్ల మందం అంత ఉండేది, అది కరిగిపోయి ఆ జాగా ఖాళీగా మిగిలింది. బయటి గీతలు, గట్లు, కొన, నోటి అంచు ఏవీ లోపలి అచ్చులో పడవు. ముషెల్‌కాల్క్‌లో ఇలాంటివాటికి ఓంఫలోప్టికా, అన్‌డులారియా అని పేర్లు తగిలించి అమ్ముతుంటారు. చాలావాటి విషయంలో ఆ పేర్లకు ఆధారం ఉండదు. రాతి అవతలి ముక్కలో బయటి అచ్చు ఉంటే అందులో సిలికాన్ పోసి తీయొచ్చు, అప్పుడు గుల్ల పైభాగం యథాతథంగా వస్తుంది. మీ రాతికి ఆ జత ముక్క లేదు కాబట్టి "నత్త, లోపలి అచ్చు" దగ్గర ఆగాలి.

మొదటిదానికి వర్థెనియెల్లా కొరొనాటా అని నా అభిప్రాయం. పాత పుస్తకాల్లో వర్థెనియా అని ఉంటుంది. వర్థెనియా అసలు జాతి అమెరికాలో ట్రయాసిక్ కంటే పాతదైన కార్బోనిఫెరస్ కాలానిది. కాసియన్‌వాటి తొలి చుట్లు దాంతో పొసగవని ష్వార్ట్ 1992లో వేరు ప్రజాతి చేశారు. జాతి పేరు మ్యూన్‌స్టర్ పెట్టిందే, ప్రజాతి మారింది కాబట్టి ఆయన పేరూ సంవత్సరమూ బ్రాకెట్లలో రాయాలి.

యూటా_ఉదయ్ | ఆదివారం సాయంత్రం 7:20

డోలమైట్స్ వెళ్ళి స్వయంగా ఏరుకోవచ్చా? వచ్చే ఏడాది యూరప్ వస్తున్నాను.

మ్యూనిక్_మాధురి | ఆదివారం రాత్రి 8:15

వద్దండి. ఇటలీలో శిలాజాలు ప్రభుత్వ ఆస్తి కిందికి వస్తాయి, ప్రకృతి పార్కుల్లో ఏరడం నిషేధం. డోలమైట్స్ 2009 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశం కూడా. కోర్టినా మ్యూజియం చూడండి. ప్రాలొంజియా పచ్చికల మీదుగా నడక దారి ఉంది, స్టూవోరెస్ దగ్గర కాసియన్ పొరలు కళ్ళెదుటే కనిపిస్తాయి. కెమెరా తీసుకెళ్ళండి చాలు.

నా కొత్త చీటీలు ఇవి. తప్పుంటే చెప్పండి:

1. వర్థెనియెల్లా cf. అని రాయాలా, నేరుగా కొరొనాటా అనాలా? cf. తెలుగులో ఎలా రాస్తారో తెలియక అలాగే ఉంచాను.
2. మాథిల్డిడే, ప్రజాతి తేలలేదు. కొన ఉంది, ఫోటో 13.
3. నెరిటారియా, బహుశా మాండెల్స్‌లోహీ. తొలిచిన రంధ్రం, రంగు ఆనవాళ్ళు.
4. నత్త, లోపలి అచ్చు. బహుశా ముషెల్‌కాల్క్. చోటు తెలియదు.

కొనచుట్టు | ఆదివారం రాత్రి 8:40

మొదటిదానికి "సీఎఫ్. కొరొనాటా" అనే రాయండి. దాని అర్థం "దీనితో పోల్చి చూడండి" అని. ఫోటో చూసి చెప్పిన పేరుకు అదే మర్యాద. మూడోదానికి కూడా "బహుశా" బదులు అదే వాడండి. నాలుగింటి మీదా "సేకరణ: పాత జర్మన్ సేకరణ నుంచి" అని ఒక వరస (అసలు చీటీ ఉన్నవాటికి "అసలు చీటీ జతచేశాను" అని కూడా), గుర్తించిన తేదీ ఒక వరస చేర్చండి. రెండోదాన్ని వీలైతే మీ ఊరి సేకరణలో నత్తల విభాగం వాళ్ళకు చూపించండి. మ్యూన్‌స్టర్ చూసి పేరు పెట్టిన అసలు గుల్లలు వాళ్ళ దగ్గర ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూడగలిగేది వాళ్ళే.